ఎదిగీ ఎదగని పాట: ఇరవై ఏళ్ళ తర్వాత వినిపించిన ఒక మాట | రివ్యూ

అందరికీ నమస్తే. ముందుగా చెప్పాల్సింది చెప్పేస్తాను. నా తలమీద ఉన్న ఈ హెడ్‌ఫోన్స్ నేను కొన్నవి కావు. ఒక కంపెనీవాళ్ళు ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు. "మీకు బాగా తెలిసిన పాట ఒకటి పెట్టుకుని వినండి, ఎలా ఉందో వీడియోలో చెప్పండి" అన్నారు, అంతే. బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది, బరువెంత, ఏ ఫోన్‌కి కలుస్తుంది, ఇవన్నీ ఈపాటికి వేరే చానెళ్ళలో చూసే ఉంటారు. నేను మళ్ళీ చదివి వినిపించను. సౌండ్ శుభ్రంగా ఉంది. రెండు గంటలు పెట్టుకున్నా చెవులు నొప్పి పుట్టలేదు. హెడ్‌ఫోన్స్ గురించి ఇంతే.

ఎందుకింత తొందరగా ముగించానంటే, వాళ్ళు చెప్పినట్టే నాకు బాగా తెలిసిన పాట పెట్టుకున్నాను. ఇరవై ఏళ్ళకు పైగా వింటున్నాను దాన్ని. మొదటిసారి విన్నప్పుడు నాకు పదిహేడు. ప్రతి మాటా కంఠతా వచ్చనుకున్నాను. అందులో నేనెప్పుడూ వినని మాట ఒకటి మొన్న దొరికింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ వీడియో.

పాట పేరు 'ఐ యామ్ నాట్ ఎ గర్ల్, నాట్ యెట్ ఎ వుమన్'. పాడింది అమెరికన్ పాప్ గాయని బ్రిట్నీ స్పియర్స్. 2001లో వచ్చిన 'బ్రిట్నీ' ఆల్బమ్‌లో ఉంది, 2002 ఫిబ్రవరిలో విడుదలైన 'క్రాస్‌రోడ్స్' సినిమాలోనూ ఉంది. బ్రిటన్ పాటల చార్టులో 2వ స్థానం దాకా వెళ్ళింది. ఆమె సొంత దేశం అమెరికాలో మాత్రం అక్కడి వంద హిట్ పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లోకే రాలేదు. ఈ లెక్కలు మీకు తెలిసే ఉంటాయి, పక్కన పెడదాం.

నన్ను పట్టుకున్నది ఆ పేరులో ఉన్న 'యెట్'. ఇంకా. నేను చిన్నపిల్లను కాను, ఇంకా పెద్దదాన్ని కాలేదు. బస్సు వచ్చిందా అని ఎవరైనా అడిగితే "ఇంకా రాలేదు" అంటాం. వస్తుందని తెలుసు కాబట్టే 'ఇంకా' అంటాం. అసలు రాని బస్సు గురించి ఎవరూ 'ఇంకా' అనరు. ఈ పాటలోంచి ఆ ఒక్క మాట తీసేసి చూడండి. చిన్నపిల్లను కాను, పెద్దదాన్నీ కాను. ఎటూ కాకుండా పోయానని ఏడ్చే పాట అయిపోతుంది. ఆ మాట ఉండబట్టే దిగులు ఓపికగా మారింది.

మన భాషలో ఈ వయసుకి బ్రహ్మాండమైన మాటలున్నాయి. ఎదిగీ ఎదగని వయసు. తెలిసీ తెలియని వయసు. వాళ్ళు అంత పొడుగు పేరు పెట్టి చెప్పినదాన్ని మనం రెండు ముక్కల్లో చెప్పేస్తాం. కానీ ఒకటి గమనించండి. ఆ మాట ఆ వయసులో ఉన్నవాళ్ళు అనరు, పెద్దవాళ్ళు అంటారు. "తెలిసీ తెలియని వయసు, వదిలెయ్యండి" అని పిల్ల ఎదురుగానే కూర్చుని ఉన్నా, ఆ పిల్ల తలమీదుగా ఇంకొకరితో అంటారు. "నేను ఎదిగీ ఎదగని వయసులో ఉన్నాను" అని ఏ పదహారేళ్ళ పిల్లా తన నోటితో చెప్పుకోగా నేను వినలేదు. ఈ పాటలో ఆ పిల్లే చెప్పుకుంటుంది. నాకు ఈ పాట ఇంత ఇష్టం కావడానికి మొదటి కారణం అదే.

నా పదిహేడో ఏడు నాకు బాగా గుర్తుంది. ఏ కోర్సులో చేరాలో ఇంట్లో మాట్లాడుకుంటుంటే నేను నోరు తెరిచాను. "నీకేం తెలుసు, చిన్నపిల్లవి, ఊరుకో" అన్నారు. అదే రోజు సాయంత్రం నా చేతిలోంచి గ్లాసు జారి పగిలింది. "ఇంత వయసొచ్చింది, ఆ మాత్రం చూసుకోవద్దా" అన్నారు. పొద్దున చిన్నపిల్లని, సాయంత్రానికి పెద్దదాన్ని. వాళ్ళమీద నాకు కోపం లేదు, వాళ్ళకి ఏది అవసరమైతే నేను అదయ్యాను. కానీ నేను నిజంగా ఏమిటో చెప్పడానికి నా దగ్గర ఒక్క మాట కూడా లేదు. ఆ రాత్రి అక్క, నేను ఒకే గదిలో పడుకుని ఈ పాట విన్నాం. నా ఇంగ్లీషు అంతంత మాత్రం. అక్క ఆపి ఆపి అర్థం చెప్పింది. నన్ను కాపాడాల్సిన పని లేదు అనే చోటు వచ్చింది. మీకు తెలిసినదానికంటే ఎక్కువే చూశాను, కళ్ళు మూసుకోమని చెప్పకండి అనే చోటు వచ్చింది. అక్కడ అక్క అర్థం చెప్పడం ఆపేసింది. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

పాట మధ్యలో ఇంకో విచిత్రం ఉంది. గర్ల్‌ని కాను, కాను అని అన్నిసార్లు అన్న మనిషి, నా కళ్ళలోకి సరిగ్గా చూడండి అంటూ తన గురించి చెప్పుకునే చోట మళ్ళీ 'ఈ గర్ల్' అనే అంటుంది. ఎప్పుడూ తన దారి తానే వెతుక్కుంటుంది ఈ అమ్మాయి, అని. రాసినవాళ్ళు చూసుకోలేదేమో అని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఇప్పుడు ఆ చోటు వస్తే గుండె ఝల్లుమంటుంది. మనం కాదనే మాటే మన నోట్లోంచి వచ్చేస్తుంది ఆ వయసులో.

సరే, ఇప్పుడు నా ఫిర్యాదు. ఇది చెప్పకపోతే రివ్యూ కాదు. పాట మెల్లగా మొదలవుతుంది. గొంతు ముందుంటుంది, మిగతావన్నీ దూరంగా ఉంటాయి. అన్నిటికీ సమాధానాలు నాకు తెలుసనుకున్నాను ఒకప్పుడు, అంటూ పక్కన కూర్చుని చెబుతున్నట్టు ఉంటుంది. అక్కడితో ఉంచితే ఎంత బాగుండేది! పోను పోను డ్రమ్స్, వెనక గొంతులు, ఒకదానిమీద ఒకటి పేరుస్తూ పోయారు. చివరి పల్లవికి వచ్చేసరికి కోరస్ ఆమె మాటని తొక్కేస్తుంది. పాట అడుగుతున్నది నాకంటూ కొంచెం సమయం, నాకంటూ ఒక్క క్షణం ఇవ్వండి అని. ఆ మాట అడుగుతున్నప్పుడే చుట్టూ అంతమంది మూగితే ఎలా? ఆ కాలంలో పాప్ బ్యాలడ్ అంటే చివర్లో అలా ఎత్తుకోవాల్సిందే అని తెలుసు. అయినా నాకు ఒళ్ళు మండేది. చాలాసార్లు అక్కడికి రాగానే ఆపేసి మళ్ళీ మొదటినుంచి పెట్టుకునేదాన్ని.

నా దగ్గర ఉన్న సామాను కూడా అలాంటిదే మరి. మొదట విన్నవి కంప్యూటర్ స్పీకర్లు, బాస్ వస్తే బల్ల అదిరేది. తర్వాత ఎంపీత్రీ ప్లేయర్, దానికి తీగ ఇయర్‌ఫోన్స్. జాక్ దగ్గర తీగని మెలిపెట్టి బొటనవేలితో నొక్కి పట్టుకుంటే తప్ప రెండో చెవిలో మోగేది కాదు. బస్సులో గంటసేపు అలాగే పట్టుకుని, దిగేసరికి వేలు తిమ్మిరెక్కిపోయేది. ఆ తర్వాత ఫోన్లు, ఫోన్లతో వచ్చిన బడ్స్. అన్నిట్లోనూ ఆ చివరి భాగం గందరగోళంగానే వినిపించేది.

మొన్న ఈ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నప్పుడు, రివ్యూ చేయాలి కదా అని, చివరి పల్లవి దగ్గర ఆపకుండా ఓపిక పట్టి విన్నాను. కోరస్ పాట పేరు పాడుతుంటుంది. దాని మధ్య సందుల్లో ఆమె విడిగా ఏవో మాటలు అంటుంటుంది. అవి ఊరికే గొంతు తిప్పడం అనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు. కోరస్ 'ఇంకా పెద్దదాన్ని కాలేదు' అని అనగానే ఆమె అంటుంది, నాలో ఉన్న స్త్రీని వెతుక్కుంటున్నాను, అని. 'ది వుమన్ ఇన్ మీ'. స్పష్టంగా వినిపించింది. వెనక్కి తిప్పి ఆరేడుసార్లు విన్నాను.

ఆ మాట మీరెక్కడో చూసే ఉంటారు. 2023 అక్టోబరులో వచ్చిన ఆమె ఆత్మకథ పేరు అది. 'ది వుమన్ ఇన్ మీ'. ఆ పుస్తకం నా అరలోనే ఉంది. అట్టమీద పేరు ఎన్నిసార్లో చూశాను. పాట ఇన్ని వందలసార్లు విన్నాను. రెండూ ఒకటే అని నాకు తట్టలేదు.

దీనికి ఇంత కదిలిపోవడం ఎందుకు అంటే, ఈ పాటతో నాకు ఇంకో పేచీ ఉండేది. ఇది ఆమె రాసిన పాట కాదు. సినిమాలో ఆమె వేసిన లూసీ పాత్ర నోట్‌బుక్‌లో కవితగా రాసుకుంటుంది, తర్వాత అది పాటవుతుంది. బయట మాత్రం రాసింది ముగ్గురు. మ్యాక్స్ మార్టిన్, రామి, డైడో. ఆ ఆల్బమ్‌లో ఆమె పేరు రచయితల్లో ఉన్న పాటలు కొన్ని ఉన్నాయి, ఇందులో మాత్రం లేదు. మ్యాక్స్ మార్టిన్, డైడో ఇద్దరూ 1971లో పుట్టినవాళ్ళు. అంటే ముప్పై దగ్గర నిలబడి, పంతొమ్మిదేళ్ళ పిల్ల నోట్లో మాటలు పెట్టారు. ఆ పిల్ల తన గురించి తానే చెప్పుకుంటోందని నేను మురిసిపోయిన పాట, నిజానికి పెద్దవాళ్ళు రాసి ఇచ్చింది అని తెలిసినప్పుడు నాకు చాలా బాధేసింది. కొన్నేళ్ళు ఆ పాట వినడమే మానేశాను.

మీకు తర్వాతి కథ తెలుసు. 2008లో కోర్టు ఆమెని కన్సర్వేటర్‌షిప్ కింద పెట్టింది. తన డబ్బు, తన బతుకు, అన్నిటిమీదా నిర్ణయాలు వేరేవాళ్ళవి. చాలా ఏళ్ళు అది ఆమె తండ్రి చేతిలో ఉంది. నన్ను కాపాడాల్సిన పని లేదని పంతొమ్మిదేళ్ళప్పుడు పాడిన మనిషిని, ఇరవై ఆరేళ్ళప్పుడు కాపాడతామని చెప్పి కట్టేశారు. 2021 నవంబరు 12న అది ముగిసేసరికి ఆమెకి నలభై రావడానికి మూడు వారాలు కూడా లేదు. పదమూడేళ్ళకు పైగా! నలభై దగ్గరపడ్డ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, నా నిర్ణయాలు నన్ను తీసుకోనివ్వండి అని కోర్టులో అడుక్కోవాల్సి వచ్చింది. ఆ 'ఇంకా' ఆమె విషయంలో ఎంత పొడుగైపోయిందో చూడండి.

అలాంటి మనిషి, బయటికొచ్చాక, తన కథ తాను చెప్పుకునే పుస్తకానికి పెట్టిన పేరు ఈ పాటలో ఉన్న మాట. వేరేవాళ్ళు రాసిన మాటే. కోరస్ కింద నలిగిపోయి నాలాంటి వీరాభిమానికి కూడా ఇరవై ఏళ్ళపాటు వినపడని మాట. అది అట్టమీద తన పేరు పక్కన ఉంది. నా పేచీ అక్కడితో తీరిపోయింది. మాట ఎవరు రాశారన్నది నాకిప్పుడు పట్టదు. ఇరవై ఏళ్ళు మోసింది ఆమె.

నిన్న అక్క కూతురు వచ్చింది. దానికి పదహారు. హెడ్‌ఫోన్స్ పెట్టి, ఏమీ చెప్పకుండా పాట వేశాను. మొదట ఫోన్ చూసుకుంటూ విన్నది. కాసేపటికి ఫోన్ బోర్లా పెట్టింది. తర్వాత రెండు చేతులతో రెండు కప్పుల్నీ చెవులకి అదిమిపట్టుకుంది, బయటి చప్పుడు రాకుండా. పాట అయ్యాక అడిగింది, "పిన్నీ, చివరికి కూడా ఆమె ఇంకా కాలేదనే అంటోంది కదా. మరి పాట ఎందుకు ఆపేశారు?" అని.

అవును, పాట ముగిసేది మళ్ళీ ఆ పేరుతోనే. ఎదుగుదల గురించి నేను విన్న పాటల్లో చాలావాటిలో చివరి చరణానికల్లా ఆ పిల్ల పెద్దదైపోతుంది, వెనక్కి తిరిగి నవ్వుకుంటుంది. ఇందులో మొదలెట్టినప్పుడు ఎక్కడుందో, నాలుగు నిమిషాలు కూడా కాకుండా ముగిసేటప్పుడు అక్కడే ఉంటుంది. దాని ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు. "నాకు తెలీదు బంగారం" అన్నాను. "నాకూ ఎవరూ చెప్పలేదు." అది మళ్ళీ మొదటినుంచి పెట్టుకుంది.

మార్కులు అడుగుతారు మీరు. ఆ చివరి కోరస్ రద్దీకి నేను ఎప్పుడూ ఒక మార్కు తీసేసేదాన్ని. ఇప్పుడు తీయలేను. పదికి పది. హెడ్‌ఫోన్స్‌కి కూడా మంచి మార్కులే వేస్తున్నాను, ఆ మాట వినిపించినందుకు. ఉచితంగా వచ్చాయి కాబట్టి నా మార్కులు ఎంతవరకు నమ్మాలో మీరే చూసుకోండి. కొనేముందు ఎవరిదైనా అడిగి పెట్టుకుని వినండి.

పెట్టుకున్నప్పుడు ఈ పాటే వేయండి. చివరి పల్లవి వచ్చేదాకా ఆపొద్దు. కోరస్‌ని వదిలేసి, దాని వెనక ఒంటరిగా తిరుగుతున్న గొంతుని పట్టుకోండి. మీకు ఎన్నోసారికి వినిపించిందో నాకు రాయండి. నాకైతే ఇరవై ఏళ్ళు పట్టింది.