పల్లెకు రోడ్డు, బస్సు: శ్రోతలతో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. పంచాయతీరాజ్‌లో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన సార్ మనతో ఉన్నారు. మొదటి ఫోన్ కోసిగి మండలం నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్తే సార్. మాది మజరా, పెద్దూరి కింద ఉండే చిన్న పల్లె. పెద్దూరికి రెండు కిలోమీటర్లు లోపల. మట్టిదారి. నల్లరేగడి కదా, వాన పడితే బండి కదలదు. మొన్న మా చెల్లెలికి నొప్పులొస్తే 108 రోడ్డు మీదే ఆగిపోయింది. మంచం మీద మోసుకుపోయినాం.

ఇంజనీరు: తల్లీబిడ్డా బాగున్నారా?

శ్రోత: బాగున్నారు సార్, ఆడపిల్ల. పెద్దూరికి ఆదోని బస్సు వస్తుంది. అది మా దాకా రావాల.

ఇంజనీరు: సంతోషం. చూడు నాయనా, ముందు రోడ్డు, తర్వాతే బస్సు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000లో మొదలైంది. మైదాన ప్రాంతంలో 500 జనాభా ఉన్న ఆవాసానికి, అంటే విడిగా ఉన్న ఇళ్ల గుంపుకి, రోడ్డు వేయాలన్నది దాని లెక్క. ఇప్పుడు నడుస్తున్న నాలుగో దశకు 2011 జనాభా లెక్కే ఆధారం. మీ మజరాలో అప్పుడు ఎంతమంది?

శ్రోత: పెద్దూరితో కలిపి మూడు వేలు అంటారు సార్.

ఇంజనీరు: అదే చిక్కు! సెన్సస్ పుస్తకంలో రెవెన్యూ గ్రామం లెక్కే ఉంటుంది, మజరాది విడిగా ఉండదు. రోడ్డుకు మాత్రం ఆవాసమే లెక్క. పెద్దూరికి రోడ్డుంది కాబట్టి మీకూ ఉన్నట్టు రాసేశారేమో. పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ ఆఫీసులో ఆవాసాల జాబితా అడిగి, మీ పేరుందా, జనాభా ఎంత రాశారో కళ్లతో చూసుకో.

శ్రోత: ఐదొందలకు కొంచెం తక్కువైతే?

ఇంజనీరు: అర కిలోమీటరు లోపల ఇంకో పల్లె ఉంటే రెండింటి జనాభా కలపొచ్చు. నిబంధనల్లోనే ఉంది.

శ్రోత: ఉంది సార్, వంక అవతల! మరి బస్సు సంగతి...

ఇంజనీరు: మళ్లీ బస్సేనా? బస్సు తిరగడానికి చోటు లేని మట్టిదారిలోకి డిపో మేనేజర్ బస్సు ఎట్లా పంపుతాడు? గ్రామసభలో తీర్మానం చేయించండి, కాగితం ఉండాలి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకో. నోటిమాటకు విలువ లేదు. ఇంకొకటి, మీరు సుగ్గికి, అంటే కూలి పనులకు వలస, పోతారా?

శ్రోత: గుంటూరు మిరపకాయలు కోయడానికి సగం ఊరు పోతుంది సార్. జనవరిలో పోతే ఉగాదికి వస్తాం.

ఇంజనీరు: అందుకే అడిగాను. రాబోయే జనాభా లెక్క 2027 ఫిబ్రవరిలో. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా లెక్క రాశారు. ఆ రోజులన్నీ ఊళ్లో లేనివాళ్లను ఎక్కడుంటే అక్కడే రాశారు. అంటే మీవాళ్లు గుంటూరు లెక్కలోకి పోయినట్టు. మిరప కళ్లంలో ఉన్నవాళ్లను అక్కడా రాయకపోతే ఎక్కడా లేనట్టే. ఇప్పుడు పోయిన తల రేపు వచ్చే పథకాలన్నిటిలో తగ్గుతుంది. ఇదంటే నాకు చాలా బాధ. ఈసారి లెక్క రాసే రోజుల్లో ఒక్కసారైనా ఇంటికొచ్చి పేర్లు రాయించుకోండి. ఊరంతా చెప్పు.

శ్రోత: చెప్తా సార్. అయితే బస్సు...

ఇంజనీరు: రోడ్డు పడ్డాక, నాయనా.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండి. కళ్యాణదుర్గం వైపు నుంచి అమ్మ, చెప్పండి.

శ్రోత: సార్, స్త్రీశక్తి పథకంలో ఆడోళ్లకు బస్సు టికెట్ లేదంటారు. మా ఊరికి రోడ్డుంది, పొద్దున ఒక్క బస్సే. సాయంత్రం కాలేజీ పిల్లలకు ఆటోనే గతి. మనిషికి ముప్పై.

ఇంజనీరు: 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం అమ్మా. కానీ బస్సే లేకపోతే ఏం లాభం? ఎంతమంది పిల్లలు, ఏ కాలేజీ, ఎన్నింటికి వదులుతారు, అన్నీ రాసి కాలేజీ ప్రిన్సిపాల్ సంతకంతో డిపో మేనేజర్‌కు ఇవ్వండి. సర్పంచ్ తీర్మానం జత చేయండి. నకలు మీ దగ్గర ఉంచుకోండి, మర్చిపోవద్దు.

వ్యాఖ్యాత: కడప జిల్లా నుంచి ఇంకో ఫోన్. హలో?

శ్రోత: హలో, మా కాలువ మీద కల్వర్టు కూలి...

వ్యాఖ్యాత: లైన్ కట్టయింది. మళ్లీ చేయండి.

ఇంజనీరు: ఆయన వింటుంటే ఫోటో తీసి తేదీ వేసి అర్జీకి జత చేయమనండి.

వ్యాఖ్యాత: తప్పకుండా సార్. సమయం అయిపోయింది. ధన్యవాదాలు.