జీ-టెన్ పిడికి ఇంత మెరుపు ఎందుకండీ బాబూ?

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ కత్తి నేను కొన్నది కాదు. రివ్యూ చెయ్యమని కంపెనీ వాళ్ళు ఊరికే పంపారు. డబ్బులివ్వలేదు, ఏం మాట్లాడాలో కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే పోయేదని ఈ వీడియో చూశాక వాళ్ళకే అనిపిస్తుందేమో.

ఉక్కు ఏ రకం, బ్లేడ్ పొడవెంత, బరువెంత, అవన్నీ మీరు ఈపాటికి చూసేసే ఉంటారు. వాటి జోలికి పోను. నా గొడవంతా పిడితోనే. వాదర మొద్దుబారితే సానబెట్టుకుంటాం. పిడి బాగోలేని కత్తి మాత్రం పెట్టెలోనే పడుంటుంది.

దీని పిడి జీ-టెన్. గాజు పోగులతో నేసిన గుడ్డని ఎపాక్సీ అనే గట్టిపడే జిగురులో ముంచి, పొర మీద పొర పేర్చి, వేడి మీద గట్టిగా అదిమితే వచ్చే పలక. ఎలక్ట్రానిక్ సామాన్లలో సర్క్యూట్ బోర్డులు ఉంటాయి కదా, వాటిలో వాడే ఎఫ్ఆర్-4 దీనికి స్వయానా తమ్ముడు, మంట త్వరగా అంటుకోకుండా చేస్తారంతే. నీళ్ళకి ఉబ్బదు, ఎండకి వంగదు, చలికి చిట్లదు. గట్టిదనానికి వంక పెట్టలేం.

మరి బాధేంటంటే... ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా. లైటు ఎలా మెరుస్తోందో చూశారా? అద్దంలా పాలిష్ కొట్టారు! పొద్దున చెయ్యి సబ్బునీళ్ళలో ముంచి పట్టుకున్నా. చేపపిల్లలా జారింది. జీ-టెన్‌కి పట్టు వచ్చేదే పైన వదిలే గరుకు వల్ల. దాన్ని కాస్తా నున్నగా అరగదీశాక ఇంకేం మిగిలింది? పైగా వేలికి అడ్డు కూడా చిన్నదే. తడి చేత్తో ముందుకి నొక్కితే వేళ్ళు నేరుగా వాదర మీదకే. ఫోటోకి అందంగా ఉంటుందని చేసినట్టున్నారు, పని చేసేవాడిని అడిగి కాదు.

అలాగని మెత్తటి రబ్బరు పిడి కొనుక్కోమని కాదు. నా మొదటి కత్తికి అదే. ఏ కంపెనీదో అడక్కండి. కొన్న రోజు ఆ పట్టు చూసి ఎంత మురిసిపోయానో! రెండేళ్ళు పక్కన పెట్టి తీస్తే బంకబంకగా తయారైంది. ఒర లోపల నల్లటి మరకలు, గోరుతో గీకితే పొర ఊడొచ్చింది. దోమల మందు రాసుకున్న చేతులతోనే వాడేవాణ్ణి. అందులో డీట్ అనే రసాయనం ఉంటే చాలా రకాల ప్లాస్టిక్కుల్ని, రబ్బరుల్ని తినేస్తుందని తర్వాత తెలిసింది.

అప్పటి నుంచి నా మనసంతా కాన్వాస్ మైకార్టా మీదే. 1910 ప్రాంతంలో వెస్టింగ్‌హౌస్ వాళ్ళు కరెంటు పరికరాల కోసం చేసిన సరుకు ఇది. గాజుకి బదులు నూలు గుడ్డ, ఎపాక్సీకి బదులు ఫినాలిక్ రెసిన్ అనే ఇంకో రకం జిగురు. పాలిష్ చెయ్యకుండా వదిలేస్తే, తడిసినప్పుడు గుడ్డ నూగు లేచి చేతిని పట్టుకుంటుంది. నా పాతదాన్ని చూడండి. బొటనవేలు ఆనే చోట ఆకుపచ్చ పోయి నల్లబడింది. మా ఇంట్లోవాళ్ళు మురికి అంటారు, నాకు మాత్రం ముచ్చటగా ఉంటుంది.

గాజు పోగులు కలిపిన నైలాన్ అంటారా, చవక, తేలిక, కింద పడినా ఏం కాదు. పట్టుకుంటే ప్లాస్టిక్ బొమ్మలా ఉంటుందంతే. కార్బన్ ఫైబర్ జేబులో వేసుకునే మడత కత్తికైతే సరే, ఇలా మడవని ఫిక్స్‌డ్ బ్లేడ్‌కి అంత డబ్బు దండగ.

ఒక్క విషయంలో మాత్రం వీళ్ళకి దణ్ణం పెట్టాలి. పిడికి రెండు పక్కలా ఉండే పలకల్ని రివెట్లతో కాకుండా స్క్రూలతో బిగించారు. పిడి నీళ్ళు పీల్చకపోయినా, పలకకీ ఉక్కుకీ మధ్య సందులోకి తడి చేరుతుంది, కనపడకుండా తుప్పు పడుతుంది. ఇది విప్పి, తుడిచి, కాస్త నూనె రాసి మళ్ళీ బిగించుకోవచ్చు.

ఆ స్క్రూలే నన్ను చెడగొట్టాయి. ఉండబట్టలేక నిన్న కుడి పలక విప్పి, 120 నంబరు సాండ్ పేపర్‌తో రుద్దేశా. ఆరుబయట, నీళ్ళు చల్లుతూ, మంచి మాస్కు పెట్టుకుని. గాజు ధూళి అది, ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. పది నిమిషాలకి మెరుపంతా పోయి బూడిద రంగు తేలింది. ఇప్పుడు సబ్బు చేత్తో పట్టుకున్నా కదలట్లేదు.

మార్కులంటారా? వచ్చింది వచ్చినట్టు వాడితే పదికి అయిదు. రుద్దుకునే ఓపిక ఉంటే ఎనిమిది. కంపెనీ వాళ్ళు శాంపిల్ వెనక్కి పంపమంటేనే ఇబ్బంది, ఎడమ పక్క ఒక్కటే వాళ్ళు పంపినట్టుంది.