సౌండ్ ప్రాబ్లం అని రాయకండి

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, బిస్కెట్ ప్యాకెట్లు ఎప్పుడిస్తారా అని ముందు వరసలో ఓపిగ్గా కూర్చున్న పిల్లలకు నమస్కారం. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా ఈ వారోత్సవాలు జరుగుతాయి. ఏటా నన్ను మైకు వైర్లు కలపడానికి పిలుస్తారు. ఈసారి మైకు ముందుకే పిలిచారు, సంతోషం. కరపత్రంలో నా పేరు పక్కన "సమాచార సాంకేతిక యుగంలో గ్రంథాలయాల పాత్ర" అని వేశారు. ఆ పాత్ర గురించి ఇందాక ఇద్దరు పెద్దలు నిండుగా మాట్లాడేశారు. నేను కంప్యూటర్లు బాగుచేసుకుని బతికేవాణ్ణి. సీపీయూలోంచి వింత శబ్దం వస్తే అది ఎక్కడినుంచో పట్టుకోవడం నాకు తెలుసు, అదే చెబుతాను. లైబ్రరీలో ఈ గోలేంటి అనుకోకండి. మాస్టారి సంగతి వచ్చేదాకా ఓపిక పట్టండి.

శబ్దం రాగానే స్క్రూ డ్రైవర్ తీసేవాళ్ళే ఎక్కువ. తియ్యొద్దు. కుర్చీ వేసుకుని కూర్చోండి, వినండి. పొద్దున్న ఆన్ చేయగానే వచ్చి కాసేపటికి తగ్గిపోతోందా? పెద్ద ఫైలు కాపీ చేస్తుంటేనే వస్తోందా? పేజీ పైకీ కిందకీ జరుపుతుంటే వస్తోందా? కరెంటు డిమ్ అయినప్పుడు వస్తోందా? గరగరలాడుతోందా, కీచుమంటోందా, టక్కుటక్కుమంటోందా? ఇవి తేలితే మూత తీయకముందే సగం పని అయిపోతుంది.

పొద్దున్నే గరగరలాడి, వేడెక్కాక సర్దుకునేది ఫ్యాను. చౌక ఫ్యాన్లకి స్లీవ్ బేరింగు ఉంటుంది. సన్నటి లోహపు గొట్టంలో ఇరుసు తిరుగుతుంటుంది, రెండింటి మధ్యా పలచటి నూనె. ఏళ్ళ తరబడి దుమ్ములో, వేడిలో తిరిగి ఆ నూనె ఎండిపోతే పాత బావి గిలకలాగా అరుస్తుంది. వేడెక్కాక మిగిలిన కాస్త నూనె పలచబడి పాకుతుంది, అరుపు తగ్గుతుంది. తగ్గిపోయిందిలే అని మనమూ ఊరుకుంటాం. మే నెలలో ఒకరోజు అది ఆగిపోతుంది. డబ్బాకి బిగించే కేబినెట్ ఫ్యాను అయితే స్టిక్కరు లేపి కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేస్తే కొన్నాళ్ళు నడుస్తుంది. కొత్తది వేసుకుంటే ఇంకా మంచిది, పెద్ద ఖరీదేం కాదు. టరటరమని ఒకే తీరుగా కొట్టుకుంటుంటే మాత్రం బేరింగును అనుమానించకండి. లోపల ఏదో వైరు జారి రెక్కలకి తగులుతుంటుంది. వైర్లు కట్టే ప్లాస్టిక్ టై ఒకటి బిగిస్తే పోయేదానికి ఫ్యాను మార్చేస్తారు.

సీపీయూ మొత్తం గుయ్యిమంటోందా? పక్క రేకు మీద అరచెయ్యి ఆనించి నొక్కండి. ఆగితే ఆ రేకు స్క్రూ వదులైందన్నమాట. 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్కు, అంటే నిమిషానికి 7200 సార్లు తిరిగేది, సెకనుకి 120 సార్లు తిరుగుతుంది. ఆ అదురు రేకుకి ఎక్కి రొద అవుతుంది. స్క్రూ బిగించి, డిస్కు కింద రబ్బరు వాషర్లు వేస్తే సరిపోతుంది. ఇదే రొదకి కొత్త ఎస్ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకి కరెంటు అందించే డబ్బా, అంటగట్టిన బిల్లు నా కళ్ళతో చూశాను. ఆ ఇంటివాళ్ళు కొత్త ఎస్ఎంపీఎస్‌తో పాత రొద వింటూ కూర్చున్నారు.

ఎక్కడినుంచో తేలకపోతే పేపరు ఒకటి గొట్టంలా చుట్టండి. ఒక కొస చెవికి, ఇంకో కొస ఒక్కో భాగానికి దగ్గరగా పెట్టండి. నవ్వకండి, స్టెతస్కోపు పుట్టిందే ఇలా. 1816లో పారిస్‌లో రెనె లయెన్నెక్ అనే డాక్టరుకి ఒక యువతి గుండె చప్పుడు వినాల్సి వచ్చింది. ఛాతీకి చెవి ఆనించడం బాగోదని కాగితాలు గొట్టంలా చుట్టి విన్నాడు. ఉత్త చెవికంటే స్పష్టంగా వినబడింది. ఆ తర్వాతే చెక్క గొట్టం చేయించుకున్నాడు. మనం కాగితం దగ్గరే ఆగిపోవచ్చు, ఇక్కడ పాత పేపర్లకి కొదవ లేదు. అనుమానం వచ్చిన కేబినెట్ ఫ్యాను నడిబొడ్డు మీద పెన్సిలు రబ్బరు ఆనించి ఒక్క క్షణం ఆపండి. శబ్దం ఆగితే అదే. రెక్కల్లో వేలు పెట్టకండి. ఇదిగో పిల్లలూ, ఇటు చూడండి. ఎస్ఎంపీఎస్ డబ్బా ఎవరూ విప్పకూడదు. లోపల 300 వోల్టులకి పైగా డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకేశాక కూడా, కరెంటు దాచుకునే కెపాసిటర్లలో కాసేపు అలాగే ఉంటుంది. వెచ్చగా ఉందని బల్లులు దూరతాయి, వాటి గతి ఏమవుతుందో నన్నడగండి.

సన్నగా కీచుమంటూ, పేజీ జరిపినప్పుడల్లా మారే శబ్దం ఇంకోటుంది. గేము ఆడే కుర్రాళ్ళకి ఇది బాగా తెలుసు. గ్రాఫిక్స్ కార్డు మీద రాగి తీగ చుట్టిన కాయిల్స్ ఉంటాయి. వాటిలో కరెంటు సెకనుకి వేలసార్లు మారుతుంటే తీగ, లోపలి కోర్ సన్నగా అదురుతాయి. ఆ అదురు మన చెవికి అందే మోతాదులో పడితే కీచుమంటుంది. ప్రమాదం ఏమీ లేదు. గేము సెట్టింగుల్లో సెకనుకి ఇన్ని ఫ్రేములే (బొమ్మలే) చూపాలని హద్దు పెడితే చాలావరకు తగ్గుతుంది. దీనికోసం కార్డు మార్చకండి, కొత్త కార్డూ కీచుమనొచ్చు.

ఇక టక్కుటక్కు. ఇక్కడ కాస్త నెమ్మదిగా వినాలి. మన పల్లెటూళ్ళలో పొలం మోటార్లు ఒక్కసారిగా వేసినప్పుడు వోల్టేజి పడిపోతుంది. అప్పుడు యూపీఎస్‌లో, అంటే కరెంటు పోతే కాసేపు నడిపే బ్యాటరీ డబ్బాలో, రిలే అనే స్విచ్చు మారి 'టక్' అంటుంది. మోటారు ఆగితే మళ్ళీ 'టక్'. యూపీఎస్ సీపీయూ పక్కనే ఉంటుంది కాబట్టి సీపీయూ మీదికి వస్తుంది నింద. లైటు వెలుగు తగ్గినప్పుడే టక్కుమంటే డిస్కుకి ఏమీ కాలేదు. లైటు నిలకడగా ఉండి, లయ తప్పకుండా టక్, టక్, టక్ మని కొట్టి, కాసేపు ఆగి, మళ్ళీ మొదలెడితే భయపడండి. అది హార్డ్ డిస్కు.

ఎందుకు భయపడాలో చెబుతాను. డిస్కులో అద్దంలాంటి పళ్ళేలు తిరుగుతుంటాయి. వాటి మీద చదివే హెడ్డు గాలి పొర మీద తేలుతుంటుంది, కొద్ది నానోమీటర్ల ఎత్తులో. మన తలవెంట్రుక మందం దానికి వేల రెట్లు. పళ్ళెం మీద దారి చూపించే గుర్తులుంటాయి. హెడ్డు పాడైనా, పళ్ళెం గీసుకుపోయినా ఆ గుర్తులు అందవు. అందకపోతే హెడ్డుని మోసే చెయ్యి వెనక్కి వచ్చి, మళ్ళీ మొదటినుంచి వెతుకుతుంది. ఆ రాకపోకలే టక్కుటక్కు. 1990ల చివర్లో ఐయోమెగా కంపెనీ జిప్ డ్రైవులకి (పెద్ద ఫ్లాపీల్లాంటి డిస్కులు చదివే పెట్టెలు) ఈ జబ్బు వచ్చి అమెరికాలో కోర్టుకెక్కారు. 'క్లిక్ ఆఫ్ డెత్' అన్న పేరు అప్పుడే బాగా ప్రచారంలోకి వచ్చింది. అలా కొట్టుకుంటున్న డిస్కుని ఆన్ చేసిన ప్రతిసారీ, చెడిన హెడ్డు పళ్ళెం మీద పూతని ఇంకొంచెం గీకేయొచ్చు. ఆ పూతలోనే మీ అక్షరాలన్నీ ఉన్నాయి.

మాస్టారి సంగతి అన్నాను కదా. పేరు చెప్పను, ఆయనకి ఇష్టముండదు. తెలుగు మాస్టారు. రిటైరయ్యాక ఊళ్ళు తిరిగి వ్యవసాయం మాటలు పోగేశారు. నాగలికి కాడి, మేడి, కర్రు ఇవన్నీ మనకీ తెలుసు. ఆయన ఈ ఊళ్ళో ఏమంటారు, ఏటికి అవతల ఏమంటారు, ఎద్దులతో బావి నీళ్ళు తోడే కపిల తోలేవాళ్ళు ఎద్దుని ఎలా అదిలిస్తారు, అన్నీ రాసుకున్నారు. నోటు పుస్తకాల్లో ఉన్నదంతా ఒక డీటీపీ అమ్మాయి టైపు చేసి పెట్టింది. టైపు అయిన పుస్తకాన్ని అయినట్టే తూకానికి వేసేశారు ఇంట్లోవాళ్ళు. కంప్యూటర్లో భద్రంగా ఉంది కదా అని!

ఒకరోజు డిస్కు కొట్టుకోవడం మొదలెట్టింది. మాస్టారు ఊరుకోలేదు, పట్నంలో ఒక షాపుకి తీసుకెళ్ళారు. "బాబూ, టక్కుమంటోంది. మూడుసార్లు అని, ఊపిరి తీసుకున్నట్టు ఆగి, మళ్ళీ అంటోంది. ఫైలు తెరిచినప్పుడు ఎక్కువ," అని చెప్పారు. ఇంతకంటే బాగా ఎవరైనా చెప్పగలరా? చెప్పండి, మీలో ఎవరైనా చెప్పగలరా? కౌంటరులో కుర్రాడు చీటీ మీద ఏం రాశాడో తెలుసా? "సౌండ్ ప్రాబ్లం."

చీటీ లోపలికి వెళ్ళింది. లోపలి కుర్రాడు అది చూసి స్పీకర్లు పెట్టాడు. సౌండు డ్రైవర్ సాఫ్ట్‌వేరు వేశాడు, ఫలితం రాలేదు. పలుమార్లు ఆఫ్ చేసి ఆన్ చేశాడు. చివరికి అదే డిస్కు మీద విండోస్ మళ్ళీ ఎక్కించబోయాడు. పాపం వాడి తప్పేముంది, చీటీలో ఉన్నది చేశాడు. అది నా దగ్గరికి వచ్చేసరికి డిస్కు తిరుగుతోంది కానీ కంప్యూటరు దాన్ని గుర్తుపట్టడం లేదు. డేటా రికవరీ వాళ్ళకి పంపించాం. పళ్ళేలు గీసుకుపోయాయని రాశారు. ఎప్పుడో ప్రూఫు కోసం తీసిన ప్రింటు మిగిలింది. 'అ' నుంచి 'చ' దాకా. 'జ' నుంచి 'హ' దాకా మాటలు పోయాయి. చెప్పిన ముసలివాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. మళ్ళీ ఎవర్ని అడుగుతారు?

"మాస్టారూ, ఆ చీటీ ఒకసారి ఇవ్వండి," అని అడిగి తీసుకున్నాను. మా షాపు గోడకి అంటించాను. మా దగ్గర చేరే ప్రతి కుర్రాడూ ముందు దాన్ని చదవాలి. మా చీటీలో ఇప్పుడు రెండు గళ్ళున్నాయి: 'శబ్దం ఎలా ఉంది', 'ఎప్పుడు వస్తోంది'. కస్టమర్ నోటితో ఏ మాట అంటే అదే మాట రాయాలి. గరగర అంటే గరగర, బుసబుస అంటే బుసబుస. ఇంగ్లీషులోకి మార్చి పొట్టి చేయకూడదు. ఈ ఊళ్ళో రిపేరు షాపులవాళ్ళు ముగ్గురు నలుగురు వెనక నిలబడ్డారు, నాకు కనబడుతున్నారు. అన్నా, మీకు దండం పెడతాను, ఆ రెండు గళ్ళు మీరూ వేయించండి. ప్రింటు ఖర్చు నాది.

అధ్యక్షులవారు వాచీ చూస్తున్నారు. అయిపోవచ్చిందండీ.

అందరూ ఒకసారి ఫోన్లు తీయండి. అవును, తీయండి. సీపీయూ శబ్దం చేస్తే దగ్గర పెట్టి వాయిస్ రికార్డు చేయండి. షాపుకి తీసుకొచ్చేసరికి చాలాసార్లు ఆ శబ్దం రాదు, మీరేదో ఊహించుకున్నారంటారు. రికార్డు ఉంటే ఎవరూ అనలేరు. డిస్కు కొట్టుకుంటుంటే మాత్రం కొన్ని సెకన్లు రికార్డు చేసి వెంటనే ఆపేయండి, మళ్ళీ ఆన్ చేయకండి. చాలా విలువైంది ఉంటే నేరుగా రికవరీ వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. చెడిన డిస్కుని ఫ్రీజర్లో పెడితే పనిచేస్తుందని వీడియోల్లో చెబుతారు. బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది, ఉన్నదీ పోతుంది. శబ్దం ఇంకా మొదలవక డిస్కు మొరాయిస్తూ ఉంటే డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి సాఫ్ట్‌వేరు తెరిచి 'పెండింగ్ సెక్టార్స్' అంకె, అంటే సరిగ్గా చదవలేకపోతున్న చోట్ల లెక్క, చూడండి. ఆ అంకె పెరుగుతోందంటే ఆ రోజే కాపీ తీసుకోవాలి. లినక్సు తెలిసిన పిల్లలుంటే డీడీరెస్క్యూ అనే కాపీ సాఫ్ట్‌వేరు వాడండి. బాగున్న చోట్లు ముందు లాగేసి, చెడిన చోట్ల జోలికి చివర్లో వెళ్తుంది.

ఎవరో చీటీ పంపారు. "ఎస్ఎస్‌డీ వేసుకుంటే ఈ గోల ఉండదు కదా?" అని. ఉండదమ్మా, అది చిప్పులతో చేసిన డిస్కు, అందులో తిరిగేది ఏదీ లేదు, అసలు శబ్దమే రాదు. పోయేటప్పుడు కూడా రాదు. నిన్న రాత్రి బాగానే ఉన్నది పొద్దున్న కనబడదు. మాస్టారి డిస్కు పాపం అన్ని రోజులు తలుపు కొట్టింది, ఇది కొట్టదు. అందుకని ఎస్ఎస్‌డీ వేసుకున్నవాళ్ళకి బ్యాకప్ ఇంకా ఎక్కువ అవసరం.

లైబ్రేరియన్ గారిని ఇప్పుడే అడిగాను, ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం పొద్దున్న ఇక్కడే పేపరు గదిలో కూర్చుంటాను. అటక మీద పాత సీపీయూలు ఉన్నవాళ్ళు, అందులో ఫొటోలున్నా, కథలున్నా, భజన పాటలున్నా తీసుకురండి. ఖాళీ పెన్‌డ్రైవు మీరు తెచ్చుకోండి, కాపీ చేసి ఇస్తాను, డబ్బులు వద్దు. ఇంట్లో ఒకసారి ఆన్ చేసి చూసి తెద్దాం అనుకోకండి. ఎలా ఉన్నది అలాగే తెండి.