ముందు కొలత, తర్వాత పానా

అందరికీ నమస్కారం. గ్రంథాలయం నుంచి ఫోన్ చేసినవారు, "మీరు ఫిజికల్ సైన్స్ టీచరు కదా మేడం, గ్రహణాల మీదో నక్షత్రాల మీదో ఓ గంట మాట్లాడండి" అన్నారు. నేను నా కారు గురించి మాట్లాడతానన్నాను. అవతల కాసేపు ఉలుకూ పలుకూ లేదు. ఆ తర్వాత, "ఏ కారండీ?" అని అడిగారు. 2003 మోడల్ మారుతి 800 అంటే నవ్వేశారు. నవ్వినా ఒప్పుకున్నారు, వారికి ధన్యవాదాలు.

ఆ కారు బయట వేపచెట్టు కింద ఉంది. 796 సీసీ ఇంజను, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు. ఏసీ ఉంది కానీ పనిచేయదు. 2016లో యాభై అయిదు వేలకు కొన్నాను. నరసరావుపేటలో ఇల్లు, పదిహేడు కిలోమీటర్ల అవతల బడి. బస్సు తప్పితే ప్రార్థన తప్పుతుంది, అందుకని కొన్నాను. సరదాకి కాదు. పాత కార్లను అద్దంలా తుడిచి ప్రదర్శనకు పెట్టేవాళ్లున్నారు, వాళ్ల దారి వేరు. నాకు పొద్దున ఎనిమిదింటికి స్టార్టవ్వాలి, సాయంత్రం ఇంటికి చేర్చాలి. అంతే.

ఈ బండే ఎందుకంటే, విడిభాగాలు దొరుకుతాయి కాబట్టి. 1983 డిసెంబరు 14న మొదటి బండి తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చారు. 2014 జనవరిలో తయారీ ఆపేశారు. ఈ ముప్ఫై ఏళ్లలో 28 లక్షలకు పైగా బళ్లు తయారయ్యాయి. హైదరాబాద్‌లో అయితే కాలుష్య నిబంధనలు మారడంతో 2010 ఏప్రిల్‌లోనే అమ్మకం ఆగిపోయింది. ఇన్ని లక్షల బళ్లున్నాయి కాబట్టే ఇవాళ్టికీ విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లి ఏ షాపులో అడిగినా, తల కూడా ఎత్తకుండా "ఒరిజినలా, లోకలా?" అంటారు. పాత బండి కొనేవాళ్లు ముందు రంగు చూస్తారు, తిరిగిన కిలోమీటర్లు చూస్తారు. నేనైతే ముందు ఈ ప్రశ్న వినిపించే బండా కాదా అని చూస్తాను. కిలోమీటర్ల అంకెను నమ్మకండి. దాన్ని వెనక్కి తిప్పడం సులువు, బ్రేకు పెడల్ రబ్బరు అరుగుదలను వెనక్కి తిప్పడం అంత సులువు కాదు.

ఇక అసలు సంగతి. కొన్న రెండో నెలలో బండి మొరాయించడం మొదలెట్టింది. తాళం తిప్పితే "టక్" అంటుంది, ఊరుకుంటుంది. పది నిమిషాలాగి తిప్పితే బలవంతాన స్టార్టవుతుంది. ఒక షెడ్డుకి తీసుకెళ్లాను. పేరు చెప్పను. బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది వేయించాను. నాలుగు వేలు. వారం బాగుంది, మళ్లీ "టక్". ఈసారి ఇంజనును మొదట తిప్పే సెల్ఫ్ మోటారు పోయిందన్నారు, విప్పి బాగుచేయించాను. పద్దెనిమిది వందలు. పదిరోజులు బాగుంది. మళ్లీ "టక్". మూడోసారి వెళ్తే ఇంజను బోరుకొచ్చిందేమో, అంటే లోపల సిలిండర్లే అరిగిపోయాయేమో చూడాలన్నారు. అప్పుడు నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. ఎందుకంటే ఆ రోజే పదో తరగతికి ఓమ్ నియమం చెప్పి వచ్చాను.

ఇక్కడ కాస్త నెమ్మదిగా చెబుతాను. సెల్ఫ్ వేసినప్పుడు ఆ చిన్న మోటారు దాదాపు వంద ఆంపియర్ల కరెంటు లాగుతుంది. మన ఇంట్లో ఫ్యానుకి అర ఆంపియరు కూడా పట్టదు. ఇంత కరెంటు బ్యాటరీలోంచి వెళ్లడమే కాదు, తిరిగి బ్యాటరీకి చేరాలి కూడా. వెళ్లేదారి లావుపాటి వైరు, అందరికీ కనబడుతుంది. తిరిగొచ్చే దారి ఇంజను ఇనుము, బండి బాడీ, వాటిని కలిపే ఒక చిన్న పట్టీ. దాన్నే మెకానిక్కులు ఎర్త్ అంటారు. ఆ దారిలో ఎక్కడైనా తుప్పుపట్టి 0.02 ఓమ్‌ల నిరోధం ఏర్పడిందనుకోండి. 0.02 అంటే ఏముంది, సున్నాలాంటిదే అనిపిస్తుంది. ఓమ్ నియమం ప్రకారం కరెంటును నిరోధంతో హెచ్చవేస్తే ఆ దారిలో ఖర్చయ్యే వోల్టులు వస్తాయి. దాన్ని వందతో హెచ్చవేయండి. 2 వోల్టులు. బ్యాటరీ ఇచ్చే పన్నెండులో రెండు దారిలోనే ఖర్చు. మోటారు చేతికి అందేది తక్కువ, అది నీరసంగా "టక్" అంటుంది.

బడి ల్యాబులో మల్టీమీటరు ఉంది. శనివారం సాయంత్రం రిజిస్టర్లో సంతకం పెట్టి తెచ్చుకున్నాను. గాజులు, ఉంగరం తీసి బల్ల మీద పెట్టాను. ఇది నగల మీద ప్రేమతో చెప్పడం లేదు. బ్యాటరీ ప్లస్‌కీ బాడీకీ మధ్య ఉంగరం తగిలితే అది ఎర్రగా కాలుతుంది, వేలు కూడా దాంతోపాటే. మీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టాను. నల్ల తీగ బ్యాటరీ మైనస్ మీద, క్లాంపు మీద కాదు, దాని లోపలి సీసపు మొట్ట మీద. ఎర్ర తీగ ఇంజను ఇనుము మీద, రంగు లేని చోట. మావాణ్ణి కూర్చోబెట్టి తాళం తిప్పమన్నాను. ఆ రెండు చోట్లా ఉన్నది ఒకే "మైనస్" కాబట్టి మీటరు ఇంచుమించు సున్నా చూపించాలి. 2.1 చూపించింది.

ఇక దొంగ దొరికినట్టే, ఏ గదిలో ఉన్నాడో చూడటమే మిగిలింది. మొట్టకీ క్లాంపుకీ మధ్య కొలిస్తే ఏమీ లేదు. క్లాంపుకీ బాడీకీ మధ్య కొద్దిగా. బాడీకీ గేర్‌బాక్సుకీ మధ్య, దాదాపు రెండు వోల్టులు. వంగి చూస్తే గేర్‌బాక్సు మీద బిగించిన పట్టీ చుట్టూ నూనె జిడ్డు, దాని కింద తెల్లటి పొడి. ముందు బ్యాటరీ మైనస్ విప్పి, తర్వాత పన్నెండో నంబరు పానాతో ఆ బోల్టు తీశాను. పట్టీ చివర ఉన్న రింగు రాగి రంగు మరిచిపోయి ఎన్నేళ్లయిందో. పది రూపాయల గరుకు కాగితంతో రింగునీ, బోల్టు కూర్చునే చోటునీ మెరిసేదాకా రుద్ది బిగించాను. పైన కాస్త వాజలీన్ రాశాను. మళ్లీ కొలిస్తే 0.1. తాళం తిప్పితే ఆ మోటారు తిరిగిన తీరు నేను మర్చిపోలేను. బ్యాటరీ బాగానే ఉండేది. సెల్ఫ్ బాగానే ఉండేది. అయిదు వేల ఎనిమిది వందలు నేను కొలవనందుకు కట్టిన ఫీజు.

వీటిని మార్చిన ప్రతిసారీ కొన్నాళ్లు ఎందుకు బాగుందంటారా? విప్పి బిగించేటప్పుడు ఆ పట్టీ కాస్త కదిలి ఉంటుంది. పాత బండిలో ఇదే మాయ. సంబంధం లేని పనికి కూడా రోగం తాత్కాలికంగా తగ్గుతుంది, మనం ఆ పనికి మొక్కుతాం.

రెండో కథ వంటింట్లో జరిగింది. బండి లీటరుకి పన్నెండు కూడా ఇవ్వడం లేదు. ఈ ఇంజనుకి అది చాలా తక్కువ. చలికాలం పొద్దున బడికి చేరేదాకా వేడి చూపించే ముల్లు సి అక్షరం దగ్గరే పడుకుని ఉంటోంది. విప్పి చూస్తే థర్మోస్టాట్ ఉండాల్సిన గూడు ఖాళీ. ఇంజను వేడెక్కేదాకా దాని నీళ్లను, వాటిని చల్లార్చే రేడియేటరుకు పోనివ్వకుండా ఆపే చిన్న తలుపు అది. మన దగ్గర ఇదొక ఆచారం. "థర్మోస్టాట్ పీకేస్తే ఇంజను చల్లగా ఉంటుంది" అంటారు. నిజమే, చల్లగానే ఉంటుంది. కానీ ఇంజను చల్లగా ఉండకూడదు! ఈ బండిలో పెట్రోలు ఎంత చిమ్మాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. నీళ్లు చల్లగా ఉంటే, ఇంజను ఇంకా అప్పుడే లేచిందనుకుని ఎక్కువ పెట్రోలు పోస్తుంది. మా బండి పదిహేడు కిలోమీటర్లూ నిద్రలేస్తూనే ఉండేదన్నమాట.

కొత్తది కొన్నాను. దాని మీద 82 అని అచ్చువేసి ఉంది. బిగించే ముందు పరీక్షించాలి కదా. పాలగిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ని దారంతో అట్లకాడకి కట్టి, గిన్నె అడుగుకి తగలకుండా వేలాడదీశాను. పక్కనే ల్యాబు థర్మామీటరు. డెబ్బై, కదల్లేదు. ఎనభై, కదల్లేదు. ఎనభై మూడు దగ్గర మధ్యలో ఉన్న ఇత్తడి మూత వెంట్రుకవాసి లేచింది. తొంభై దాటాక తలుపు తీసినట్టు తెరుచుకుంది. లోపల మైనం ఉంటుంది, అది కరిగి వ్యాకోచించి మూతను నెడుతుంది. కరెంటు లేదు, చిప్పు లేదు. మా పిల్లలిద్దరూ పొయ్యి దగ్గర్నుంచి కదిలితే ఒట్టు. మా అత్తయ్యగారు మాత్రం, "ఆ గిన్నె ఇంక నీ బండికే ఉంచుకో" అన్నారు. ఇప్పటికీ అది నా పనిముట్ల పెట్టెలోనే ఉంది.

కథ అక్కడ ముగియలేదు. థర్మోస్టాట్ పెట్టాక మైలేజీ పదిహేడుకి దగ్గరగా వచ్చింది, కానీ ఏప్రిల్ ఎండల్లో రైల్వే గేటు దగ్గర ఆగితే ముల్లు పైకి పాకడం మొదలెట్టింది. అప్పుడర్థమైంది, పాత యజమాని దాన్ని ఎందుకు పీకించాడో. అసలు రోగం రేడియేటర్లో ఉంది. మా పల్నాడు బోరు నీళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు, గీజరు రాడ్డు ఏడాదిలో సున్నపు కడ్డీ అవుతుంది. ఆ నీళ్లే ఏళ్ల తరబడి రేడియేటర్లో పోశారు. సన్నటి గొట్టాలు సగం పూడిపోయాయి. రేడియేటరు మార్చడం ఖర్చని థర్మోస్టాట్ పీకారు, దాంతో వేడి తగ్గింది, పెట్రోలు పెరిగింది. ఆ పెరిగిన పెట్రోలు డబ్బుతో రెండు రేడియేటర్లు వచ్చేవి.

కొత్త రేడియేటరు నేనే బిగించాను. రెండు హోస్ పైపులు, ఫ్యాను వైరు, నాలుగు బోల్టులు, అంతే. నీళ్లు పోయడం మానేసి కలిపి అమ్మే కూలెంటే పోస్తున్నాను. మూత కూడా మార్చాను. దాన్ని చాలామంది ఉత్త మూతే అనుకుంటారు. అది కుక్కర్ వెయిటు లాంటిది. దాని మీద 0.9 అని ఉంటుంది, అంటే బయటి గాలి ఒత్తిడి మీద ఇంచుమించు ఇంకో 0.9 రెట్ల ఒత్తిడిని లోపల ఆపుతుంది. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్లు కూడా 118 డిగ్రీల దగ్గర గానీ మరగవు. మూత రబ్బరు ఎండిపోతే ఒత్తిడి నిలవదు, వందకే మరుగుతాయి. ఇంజను వేడిగా ఉండగా ఆ మూత తీయకండి. ఒత్తిడి పోగానే నూటపదిలో ఉన్న నీళ్లు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి వస్తాయి. చేతిలో గుడ్డ ఉంది కదా అని ధైర్యం చేయొద్దు.

తుప్పు గురించి ఎక్కువ చెప్పను, అది దుఃఖం. కాళ్ల కింద మ్యాటు ఎత్తి స్క్రూడ్రైవరుతో పొడవండి. అప్పడంలా విరిగితే బేరం ఇంకా తగ్గించండి, లేదా నమస్కారం పెట్టి వచ్చేయండి. మా బండిలో ఎడమ పక్క చెయ్యి పట్టేంత చిల్లు ఉండేది. దాన్ని లప్పంతో పూడ్చి రంగేసి అమ్మారు. వెల్డింగు టింకరు దగ్గర చేయించాను, కానీ నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కనిపెట్టింది ఇంట్లోనే. మావాణ్ణి టార్చితో లోపల కూర్చోబెట్టి, నేను బయట నుంచి అద్దం మీద చెంబుతో పోశాను. ముందు అద్దం రబ్బరు బీడింగు మూల నుంచి కారుతోంది. అది మార్చకుండా ఎన్ని వెల్డింగులు చేయించినా దండగే.

ఒకచోట మాత్రం గొంతు పెంచి చెప్పాలి. జాకీ బండిని ఎత్తడానికి, మోయడానికి కాదు. జాకీ మీద నిలబెట్టి కిందికి దూరకండి. ఇటుకల మీదా నిలబెట్టకండి, అవి ఏ సంకేతమూ ఇవ్వకుండా పగులుతాయి. ఇనుప స్టాండులు కొనుక్కోండి, విప్పిన చక్రాన్ని కూడా బండి కింద పడుకోబెట్టండి. పాత 800లో జాకీ పెట్టే అంచే తుప్పుపట్టి లోపలికి కుంగిపోవచ్చు, మాది ఒకసారి కుంగింది. అప్పటికి నేను కింద లేను.

బ్రేకులు, టైమింగ్ బెల్టు నేను ముట్టుకోను. ఆ రెండు పనులకీ ఇప్పుడు నాకో మేస్త్రీగారున్నారు. కొలిచిన అంకెలు కాగితం మీద రాసుకుని వెళ్తాను. మొదట్లో, "ఇవన్నీ మీకెందుకు మేడం, కుర్రాణ్ణి పంపిస్తా కదా" అనేవారు. ఒకసారి వెనక చక్రం దగ్గర ఊళ వస్తోందని, ఏ పక్కో తేల్చలేక వెళ్లాను. ఆయన స్క్రూడ్రైవరు కొన హబ్బు మీద, పిడి చెవి దగ్గర పెట్టుకుని అర నిమిషం చక్రం తిప్పి, "కుడి పక్క బేరింగు" అన్నారు. విప్పితే అదే. "మీటరు మీది, చెవి నాది" అని నవ్వారు. అప్పట్నుంచీ ఆయన నా అంకెలు అడుగుతారు, నేను ఆయన చెవిని అడుగుతాను.

కాగితాల మాట కూడా చెప్పేస్తాను, అందరూ అడుగుతారు కాబట్టి. ఢిల్లీలో పదిహేనేళ్లు నిండిన పెట్రోలు బళ్ల మీద నిషేధం గొడవ వినే ఉంటారు. మన దగ్గర ఆ నిషేధం లేదు. పదిహేనేళ్లకు తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, అది అయిదేళ్లు చెల్లుతుంది. హరిత పన్ను వేరు. 2018లో నేను వెళ్లినప్పుడు పొడిగింపు రుసుము ఆరువందలు. 2022 ఏప్రిల్ నుంచి అయిదు వేలు చేశారు, 2023లో అదే కట్టాను. తనిఖీలో హారన్, వైపర్లు, లైట్లు, హ్యాండ్ బ్రేకు చూస్తారు. ఇంకోటి, ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. 2003 నాటి రబ్బరు పైపులు దానికోసం చేసినవి కావు. ట్యాంకు నుంచి ఇంజను దాకా ఉన్న రబ్బరు ముక్కలన్నీ మార్పించుకోండి. పెట్రోలు వాసన వస్తే రేపు చూద్దాం అనుకోవద్దు.

"ఇంత తంటా కంటే కొత్తది వాయిదాల్లో కొనుక్కోవచ్చు కదా" అని మా స్టాఫ్ రూములో అంటారు. కొనుక్కోవచ్చు. నాకు ఇల్లు కట్టిన అప్పు ఇంకా ఉంది.

మీటరు సంచిలో తెచ్చాను. ఎర్త్ ఎలా కొలవాలో బయట చూపిస్తాను. మబ్బు పట్టింది, వాన మొదలయ్యేలోపు వెళ్దాం. తాళం తిప్పడానికి ఒకరు కావాలి. ఆ వెనక వరసలో చెయ్యెత్తిన అమ్మాయి, నువ్వు రామ్మా. గాజులు తీసి అమ్మకిచ్చి రా.