సెల్సియస్ బాక్స్ ఖాళీ చేస్తే ఫారన్‌హీట్‌లో 32 ఎందుకొస్తుంది? జావా డెస్క్‌టాప్‌లో డేటా బైండింగ్

[తెర మీద: పక్కపక్కనే రెండు టెక్స్ట్ బాక్సులు. ఎడమవైపు సెల్సియస్, కుడివైపు ఫారన్‌హీట్.]

"స్వింగ్‌లో బైండింగ్ లేదు, జావాఎఫ్ఎక్స్‌లో ఉంది. కాబట్టి జావాఎఫ్ఎక్స్‌కి మారితే గొడవ వదిలిపోతుంది." ఈ మాట ఎక్కడపడితే అక్కడ వినపడుతుంది. వదిలిపోదు. స్వింగ్, జావాఎఫ్ఎక్స్ అంటే జావాలో కిటికీలు, బాక్సులు గీసే లైబ్రరీలు. బైండింగ్ అంటే తెర మీది బాక్స్‌నీ ప్రోగ్రామ్ లోపలి విలువనీ ముడివేసి, ఒకటి మారితే రెండోదీ మారేలా చేయడం. ఏ లైబ్రరీ తీసుకున్నా మూడు ప్రశ్నలకి జవాబు మీరే చెప్పుకోవాలి. విలువ మారిందని ఎవరు కబురు పంపుతారు? టైప్ చేసింది మోడల్‌లోకి, అంటే ప్రోగ్రామ్ లోపల విలువ ఉండే చోటికి, ఎప్పుడు వెళ్తుంది? ఎవరి రిఫరెన్స్ (మెమరీలోని వస్తువుని చేరే ఆనవాలు) ఎవరి దగ్గర ఉంటుంది?

ఈ రెండు బాక్సులే మన ఉదాహరణ. ఎందులో టైప్ చేసినా రెండోది మారాలి. ఇంత చిన్న ఫారమ్‌లోనే పెద్ద అప్లికేషన్లలో వచ్చే తప్పులన్నీ వస్తాయి.

ముందు స్వింగ్. మోడల్ క్లాస్‌లో సెల్సియస్ సెట్టర్ (విలువని మార్చే మెథడ్) రాసి, అందులోంచి ప్రాపర్టీఛేంజ్‌సపోర్ట్ అనే జావా క్లాస్‌తో ఈవెంట్, అంటే మార్పు కబురు, పంపాలి. సెట్టర్‌ని దాటేసి ఫీల్డ్‌ని నేరుగా మార్చారా, బైండింగ్ లైబ్రరీకి ఆ మార్పు సంగతే తెలియదు. ఇంకో సంగతి. పాత విలువా కొత్త విలువా నల్ (విలువే లేదన్న గుర్తు) కాకుండా సమానంగా ఉంటే ఆ ఈవెంట్ అసలు వెళ్ళదు. మన ఉష్ణోగ్రతకి ఇది మేలు, అనవసరమైన చుట్లు ఆగుతాయి. అదే ప్రాపర్టీ ఒక లిస్ట్ అయితే? అదే లిస్ట్‌లో ఒక అంశం కలిపి మళ్ళీ సెట్ చేస్తే "ఏమీ మారలేదు" అనుకుని ఊరుకుంటుంది. "లిస్ట్ మార్చాను, తెర మారట్లేదు" అనే ఫిర్యాదుకి మొదట చూడాల్సిన చోటు ఇదే.

ఇప్పుడు తెర నుంచి మోడల్‌కి. రెండు బాక్సులకీ డాక్యుమెంట్‌లిజనర్ (టెక్స్ట్ మారగానే నడిచే కోడ్) పెట్టారు. సెల్సియస్‌లో టైప్ చేస్తే దాని లిజనర్ ఫారన్‌హీట్ బాక్స్‌లో సెట్‌టెక్స్ట్ చేస్తుంది. వెంటనే ఫారన్‌హీట్ లిజనర్ లేచి సెల్సియస్‌లో సెట్‌టెక్స్ట్ చేయబోతుంది. అక్కడే ఇల్లీగల్‌స్టేట్‌ఎక్సెప్షన్ అనే ఎర్రర్: "అటెంప్ట్ టు మ్యూటేట్ ఇన్ నోటిఫికేషన్". ఒక డాక్యుమెంట్ (బాక్స్ లోపలి టెక్స్ట్) తన మార్పు గురించి కబురు పంపుతుండగా దాన్నే మార్చకూడదు.

చాలామంది దీనికి ఇన్వోక్‌లేటర్ (పనిని కాసేపాగి చేయమని వాయిదా వేసే పిలుపు) చుట్టేస్తారు. ఎక్సెప్షన్ పోతుంది, రోగం ఉండిపోతుంది. చూడండి.

[తెర మీద: ఫారన్‌హీట్‌లో 98. సెల్సియస్‌లో 36.67. మళ్ళీ ఫారన్‌హీట్‌లో 98.01.]

98 ఫారన్‌హీట్ అంటే 36.666... సెల్సియస్. రెండు దశాంశాలకి కుదించి 36.67 చూపించాం. ఆ కుదించిన అంకెనే మళ్ళీ చదివి వెనక్కి లెక్కేస్తే 98.006. చూపించేది 98.01. వాడుకరి 98 కొట్టాడు, ప్రోగ్రామ్ దాన్ని దిద్దేసింది! మోడల్‌లో ఒకే ఒక్క విలువ, పూర్తి కచ్చితత్వంతో ఉండాలి. బాక్సులు రెండూ దాన్నే చూడాలి, ఒకదాన్నొకటి చూడకూడదు. ప్రోగ్రామ్ రాసిన టెక్స్ట్‌ని మళ్ళీ పార్స్ చేయకుండా (అంకెగా చదవకుండా) ఒక బూలియన్ ఫ్లాగ్, అంటే అవును-కాదు గుర్తు, అడ్డం పెట్టండి. స్వింగ్‌లో సెట్‌టెక్స్ట్ అంటే ముందు తీసివేత, తర్వాత చేర్పు. మధ్యలో మీ లిజనర్‌కి ఖాళీ స్ట్రింగ్ కనిపిస్తుంది. ఆ గండం నుంచి కూడా ఆ ఫ్లాగే కాపాడుతుంది.

ఇక జావాఎఫ్ఎక్స్. డబుల్‌ప్రాపర్టీ (దశాంశ సంఖ్యని ఉంచే ప్రాపర్టీ) తనంతట తనే కబురు పంపుతుంది, కాబట్టి మొదటి ప్రశ్నకి జవాబు దొరికింది. సెల్సియస్ బాక్స్ టెక్స్ట్‌ప్రాపర్టీని నంబర్‌స్ట్రింగ్‌కన్వర్టర్‌తో (టెక్స్ట్‌ని సంఖ్యగా, సంఖ్యని టెక్స్ట్‌గా మార్చేది) మోడల్‌కి బైండ్‌బైడైరెక్షనల్ చేశాం, అంటే రెండువైపులా ముడివేశాం. ఇప్పుడు బాక్స్‌ని పూర్తిగా ఖాళీ చేయండి. ఫారన్‌హీట్‌లో 32 కనిపిస్తుంది. ఖాళీ స్ట్రింగ్‌ని కన్వర్టర్ నల్ చేసింది, డబుల్‌ప్రాపర్టీ నల్‌ని 0.0 చేసుకుంది. సున్నా సెల్సియస్, 32 ఫారన్‌హీట్. లెక్క తప్పలేదు, అర్థం తప్పింది. "36ఏబీసీ" అని లాటిన్ అక్షరాలు కలిపి కొట్టినా 36 గానే తీసుకుంటుంది, ఎందుకంటే నంబర్‌ఫార్మాట్ అంకెలు అయిపోగానే ఆగిపోతుంది, మిగతాది చూడదు.

దీనికి మందు టెక్స్ట్‌ఫార్మాటర్, బాక్స్ టెక్స్ట్‌కీ విలువకీ మధ్య నిలబడే జావాఎఫ్ఎక్స్ క్లాస్. దాని వాల్యూప్రాపర్టీని మోడల్‌కి బైండ్ చేయండి. ఎంటర్ నొక్కినప్పుడో, ఫోకస్ పోయినప్పుడో మాత్రమే విలువ వెళ్తుంది. కన్వర్టర్ ఎక్సెప్షన్ వేస్తే పాత టెక్స్ట్ తిరిగొస్తుంది. అయితే ఖాళీకీ, అంకెల వెనక వచ్చే చెత్త అక్షరాలకీ ఎక్సెప్షన్ వేసే కన్వర్టర్ మీరే రాయాలి, సిద్ధంగా ఉన్నది ఆ రెండింటినీ పట్టుకోదు. ఇక రెండువైపులా కాకుండా మోడల్ నుంచి బాక్స్‌కి ఒకవైపే బైండ్ చేస్తే, ఆ బాక్స్‌లో వాడుకరి టైప్ చేసినా ఏమీ పడదు. కోడ్‌లో సెట్‌టెక్స్ట్ చేస్తే "ఎ బౌండ్ వాల్యూ కెనాట్ బి సెట్" అని ఎక్సెప్షన్.

ఈ "ఎప్పుడు వెళ్ళాలి" అన్న రెండో ప్రశ్నని అందరికంటే శ్రద్ధగా ఆలోచించింది ఎక్లిప్స్ (కోడ్ రాసే పరికరం) వాళ్ళ జేఫేస్ డేటా బైండింగ్ లైబ్రరీ అని నా గట్టి అభిప్రాయం. బైండ్‌వాల్యూ మెథడ్‌కి ముందు విడ్జెట్ (తెర మీది బాక్స్), తర్వాత మోడల్, ఆపైన రెండు దిశలకీ వేర్వేరు అప్‌డేట్‌వాల్యూస్ట్రాటజీలు (విలువ ఎప్పుడు, ఎలా వెళ్ళాలో చెప్పేవి) ఇస్తారు. చదివాక ఒక వాలిడేటర్ (విలువ సరైనదో కాదో చూసేది), తర్వాత కన్వర్టర్, రాసేముందు ఇంకో వాలిడేటర్. తప్పు విలువ మోడల్‌దాకా వెళ్ళనే వెళ్ళదు. ఒక జాగ్రత్త: పోజోప్రాపర్టీస్ వాడితే మోడల్ మార్పులు తెరకి రావు, అది లిజనర్ పెట్టదు. బీన్‌ప్రాపర్టీస్ వాడండి.

స్వింగ్ వదల్లేని వాళ్ళకి జేగుడీస్ బైండింగ్ అనే లైబ్రరీ ఉంది. సేవ్, క్యాన్సిల్ ఉన్న ఫారమ్‌కి దాని బఫర్డ్‌వాల్యూమోడల్ చక్కగా సరిపోతుంది. ట్రిగ్గర్ కమిట్ అయ్యేదాకా, అంటే సేవ్ అని చెప్పేదాకా, అసలు విలువని ముట్టదు. జావాకి ప్రమాణంగా ప్రతిపాదించిన జేఎస్ఆర్ 295 బీన్స్ బైండింగ్ ఎప్పుడూ పూర్తికాలేదు. ప్రాపర్టీ పేర్లన్నీ స్ట్రింగ్‌లే కాబట్టి పేరు మారిస్తే కంపైలర్ పట్టుకోదు. కొత్త కోడ్‌కి వద్దు.

టైమ్ దగ్గరపడింది, మూడో ప్రశ్న త్వరగా చూద్దాం. జావాఎఫ్ఎక్స్‌లో సెల్సియస్ ప్రాపర్టీకి మల్టిప్లై 1.8, యాడ్ 32 గొలుసు కట్టి దానికి లిజనర్ పెట్టారు. కాసేపు పనిచేసి ఆగిపోతుంది. మధ్యలోని బైండింగ్‌ని మూల ప్రాపర్టీ బలహీన రిఫరెన్స్‌తోనే (మెమరీ నుంచి తీసేస్తుంటే అడ్డుకోనిది) పట్టుకుంటుంది, గార్బేజ్ కలెక్టర్ (వాడని మెమరీని ఖాళీ చేసే జావా భాగం) దాన్ని తీసేస్తుంది. గొలుసు చివర వచ్చే బైండింగ్‌ని క్లాస్ ఫీల్డ్‌లో పెట్టుకోండి. యాడ్‌లిజనర్‌తో నేరుగా పెట్టిందైతే దీనికి పూర్తిగా వ్యతిరేకం: కిటికీ మూసినా మోడల్ దాన్ని వదలదు, మీరే తీసేయాలి.

థ్రెడ్‌లు (ఒకేసారి నడిచే పని వరసలు): బైండింగ్ థ్రెడ్ మార్చదు. బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్ నుంచి మోడల్‌ని మారిస్తే స్వింగ్‌లో ఇన్వోక్‌లేటర్, జావాఎఫ్ఎక్స్‌లో ప్లాట్‌ఫామ్ రన్‌లేటర్ వాడాలి. జేఫేస్‌లో తప్పు రెల్మ్ (ఆ విలువని ముట్టుకోదగిన థ్రెడ్‌ని సూచించేది) నుంచి ముడితే అక్కడికక్కడే అసర్షన్ పడుతుంది.

చివరగా, ఉష్ణోగ్రతల జాబితా ఉంటే జావాఎఫ్ఎక్స్ అబ్జర్వబుల్‌లిస్ట్ అంశాల చేర్పు, తీసివేత లాంటి లిస్ట్ మార్పులు మాత్రమే చెప్తుంది. ఒక్కో అంశం లోపలి సెల్సియస్ మారిందనీ తెలియాలంటే లిస్ట్ తయారుచేసేటప్పుడే ఎక్స్‌ట్రాక్టర్ (అంశంలో ఏ ప్రాపర్టీలని గమనించాలో చెప్పే ఫంక్షన్) ఇవ్వాలి. తర్వాత జోడించే దారి లేదు.