బెంగళూరు పార్కులో మీరు కోస్తున్నది రెడ్ క్లోవర్ కాదండీ

అందరికీ నమస్కారం అండీ. విదేశాల్లో కొన్నేళ్లు ఉండి బెంగళూరు వచ్చిన మనవాళ్లు పార్కులో మూడాకుల మొక్కా, గులాబీ రంగు పువ్వూ కనపడగానే "అక్కడి రెడ్ క్లోవరే" అనుకుని, పూలతో టీ కాచుకోడానికి కోసుకెళ్తున్నారు. ఇక్కడ కనిపించేది ఎక్కువగా పులిచింత జాతి మొక్క. దగ్గరగా చూడండి, ఆకు కొన నొక్కుకుపోయి ఉంది, పువ్వుకి ఐదే రేకులు. ఆకు నమిలితే పులుపు. అది ఆక్సాలిక్ ఆమ్లం, కిడ్నీలో రాళ్లున్నవాళ్లకి అస్సలు పడదు.

అసలు రెడ్ క్లోవర్ చలి ప్రాంతాల పచ్చిక మొక్క. మన దేశంలో అయితే కశ్మీర్ వైపు పెరుగుతుంది. కోలగా ఉండే ఆకు మీద 'వి' ఆకారంలో తెల్లటి చార, కాడ మీద నూగు ఉంటాయి. ఒకే పువ్వులా కనిపించేది నిజానికి బోలెడు గొట్టపు పూల గుత్తి. గుత్తి కిందే ఆకులు ఆనుకుని ఉంటాయి. వైట్ క్లోవర్‌కైతే ఆకుల్లేని కాడ చివర పూస్తుంది. రెడ్ క్లోవర్ పూల గొట్టాల అడుగు దాకా అందాలంటే తేనెటీగకి పొడుగు నాలుక కావాలి. అందుకే న్యూజిలాండ్ వాళ్లు 1885లో ఇంగ్లండ్ నుంచి బంబుల్‌బీలని (బొద్దుగా, నూగుగా ఉండే ఒక రకం తేనెటీగల్ని) తెప్పించుకున్నారు, క్లోవర్ విత్తనం కట్టడం కోసం!

యూరప్ పల్లెల్లో ఈ పూల కషాయం దగ్గుకీ, చర్మం మీద దద్దుర్లకీ వాడేవారు. ఇప్పుడు నెలసరి ఆగే వయసులో వచ్చే ఒళ్లు వేడికి తాగుతున్నారు. ఇందులోని ఐసోఫ్లావోన్లు అనే పదార్థాలు ఆడవాళ్ల హార్మోను ఈస్ట్రోజెన్‌లా కొద్దిగా పనిచేస్తాయి. పరీక్షల్లో ఫలితాలు మాత్రం ఒకేలా రాలేదు, కాబట్టి మందుకి బదులుగా దీన్ని నమ్ముకోకండి.

ఎండు పూలు కొంటే రంగు చూడండి. గులాబీ ఛాయ మిగిలి ఉండాలి. పూర్తిగా గోధుమ రంగుకి తిరిగినా, ముక్క వాసన వచ్చినా పారేయండి. బెంగళూరు వానల్లో మూత సరిగ్గా పెట్టకపోతే బూజు ఇట్టే పడుతుంది. దీని దాయాది స్వీట్ క్లోవర్ బూజు పడితే అందులోని కౌమరిన్ అనే పదార్థం, రక్తం గడ్డకట్టనివ్వని డైకౌమరాల్‌గా మారుతుంది. 1920ల్లో అమెరికా, కెనడాల్లో ఆ గడ్డి తిన్న పశువులు రక్తం గడ్డకట్టక చచ్చిపోయాయి. దాని మీద జరిగిన పరిశోధనలోంచే రక్తం పలచబడటానికి ఇచ్చే వార్ఫరిన్ మందు వచ్చింది. రెడ్ క్లోవర్ వేరే మొక్కే అయినా, బూజు పట్టినది ముట్టొద్దు.

కప్పు మరిగే నీళ్లలో రెండు టీస్పూన్ల పూలు వేసి, మూత పెట్టి పది పదిహేను నిమిషాలు ఉంచి వడకట్టాలి. పొయ్యి మీద టీలా మరిగించొద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, రొమ్ము లేదా గర్భాశయ క్యాన్సర్ వచ్చినవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు తాగకూడదు. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే ఆపేసి, ఈ టీ సంగతి కూడా డాక్టరుకి చెప్పండి.