పెయింటు చూసి మురిసిపోకండి

అధ్యక్షులవారికి, పాతకార్ల ప్రియులందరికీ నమస్కారం. పరిచయాలే చాలాసేపు సాగాయి, కాబట్టి సరాసరి విషయానికి వస్తాను.

జాగ్వార్ ఈ-టైప్ గొప్పదా, హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ గొప్పదా అన్నది నాకిచ్చిన అంశం. మొదటిది 1961 మార్చిలో జెనీవాలో జనం ముందుకొచ్చిన ఇంగ్లండు కారు. వరసగా ఆరు సిలిండర్లున్న 3.8 లీటర్ల ఇంజను, మూడు ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లు. రెండోది 1990లో అమ్మకానికొచ్చిన జపాను కారు. వెనక సీట్లుండాల్సిన చోట 3 లీటర్ల వీ6, అంటే వీ ఆకారంలో ఆరు సిలిండర్ల ఇంజను, దాని వేగాన్ని బట్టి వాల్వులు తెరుచుకునే తీరు మార్చే వీటెక్, పిస్టన్లకి టైటానియం కనెక్టింగ్ రాడ్లు, నిమిషానికి 8,000 చుట్ల దాకా వేగం. అందంలో ఈ-టైప్‌ది పైచేయి, రోజూ నడపడానికి ఎన్‌ఎస్‌ఎక్స్ నయం. పోలిక అయిపోయింది.

ఇక నా గోడు వినండి. వీటిని కొనేవాళ్ళు పెయింటు చూసి డబ్బు కట్టేస్తున్నారు!

ఈ-టైప్‌కి ముందు భాగం ట్యూబుల ఫ్రేము, మిగతాది మోనోకాక్, అంటే విడిగా ఫ్రేము లేకుండా బాడీ రేకులే బరువు మోసే కట్టడం. ఆ మోనోకాక్ బలంలో పెద్ద వాటా తలుపుల కిందుండే సిల్స్‌దే. అవి లోపల్నించి తుప్పు తింటాయి, పైన మెరుస్తూనే ఉంటాయి. మెత్తటి గుడ్డ చుట్టిన అయస్కాంతం పెట్టి చూడండి. పట్టు సడలిన చోట పుట్టీ ఉన్నట్టే. తర్వాత జాకీతో కారు ఎత్తి తలుపు తెరిచి మూయండి. నేలమీద బాగా పడిన తలుపు ఇప్పుడు రాసుకుంటోందంటే బాడీ వంగుతోందన్నమాట.

సిల్ మార్చాలంటే, కోయకముందే తలుపు ఖాళీకి అడ్డంగా ఇనప కడ్డీలు వెల్డు చేసి బిగించాలి. ఒక్కో పక్కే కోయాలి. కొత్త సిల్‌కి ముందు టాక్ మాత్రమే, అంటే అక్కడక్కడ చుక్క వెల్డు వేసి, తలుపు తగిలించి సందు చూసుకున్నాకే పూర్తి వెల్డింగు. తొందరపడి కడ్డీలు మానేస్తే బాడీ కుంగుతుంది. ఆ కుంగిన సందుని పుట్టీతో సర్ది, తళతళలాడే రంగు కొట్టి అమ్ముతారు. దాన్నేమో మనం "రీస్టోర్డ్" అంటాం! కొనేముందు కారు కిందికి దూరి చూసినవాళ్ళు చేతులెత్తండి. సరేలెండి, లెక్కపెట్టను.

వెనక బ్రేకులు ఇంకో తలనొప్పి. డిస్కులు చక్రాల దగ్గర కాదు, వెనక చక్రాల మధ్య వాటికి శక్తిని పంచే గేర్ల పెట్టె, డిఫరెన్షియల్‌ని ఆనుకుని ఉంటాయి. అక్కడి సీలు కారితే ఆయిలు నేరుగా డిస్కు మీదకే. డిస్కులు మార్చాలంటే బ్రేకు పైపు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్, ప్రొపెల్లర్ షాఫ్టు, రేడియస్ ఆర్మ్‌లు విప్పి వెనక సస్పెన్షన్ మొత్తం దించాలి. ఆఖరిసారి ఎప్పుడు దించారో బిల్లు అడగండి. క్లచ్ మార్చాలన్నా అంతే, ఇంజను, గేర్‌బాక్సు కలిపే బయటికి రావాలి.

ఎన్‌ఎస్‌ఎక్స్ దగ్గర అయస్కాంతం జేబులో పెట్టేయండి. బాడీ అల్యూమినియం. అల్యూమినియం మీద కూడా చదివే పెయింటు మందం మీటరు కావాలి. 1991, 92 మోడళ్ళలో కొన్నిటి అయిదు గేర్ల బాక్సుల్లో, లోపలి బేరింగుని కదలకుండా పట్టుంచే స్నాప్ రింగ్ కూర్చునే గాడి వెడల్పు ఎక్కువైంది. రింగు విరిగితే గేర్‌బాక్సు పోయినట్టే. గేర్‌బాక్సు నంబరు రాసుకుని, అది ఆ వరసలోదో కాదో సరిచూసుకోండి.

అధ్యక్షులవారు గంట కొడుతున్నారు, ఒక్క నిమిషం. ఎన్‌ఎస్‌ఎక్స్ ఇంజను టైమింగు బెల్టు కిలోమీటర్లతో పాటు ఏళ్ళ లెక్కన కూడా మార్చాలి, షెడ్డులో పడున్న కారుకైనా సరే. దాంతోపాటే వాటర్ పంపు కూడా. వెనక టైర్ల లోపలి అంచు తడిమి చూడండి, బయట కొత్తగా కనిపిస్తూనే లోపల అరిగిపోతాయి. ఏసీ కంట్రోల్ యూనిట్‌లో కెపాసిటర్లు కారతాయి, కాబట్టి ఫ్యాను అన్ని స్పీడుల్లోనూ తిరిగేదాకా బేరం మొదలెట్టకండి.